ఎనిమిదో షీటులో లేని కొలత

ఆఫీసులో అందరూ ఆమెను డక్టక్క అంటారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన పైపుల పెద్దాయనా అలాగే పిలుస్తాడు, నిన్నగాక మొన్న చేరిన రిసెప్షన్ అమ్మాయీ అలాగే పిలుస్తుంది. కోపం తలకెక్కినప్పుడు తప్ప పెద్ద ఇంజనీరు నోటా అదే మాట. ఇన్ని నోళ్ళలో నానే ఆ పిలుపు, పిలవాల్సిన ఒక్కడి నోట మాత్రం తొమ్మిదేళ్ళుగా రాలేదు. ఆ ఒక్కడూ ఆమె సొంత తమ్ముడు.

ముందు ఆమె చేసే పనేమిటో చెప్పుకోవాలి, లేకపోతే వాళ్ళ తగువు అర్థం కాదు. పెద్ద పెద్ద భవనాల్లో చల్లగాలి గదిగదికీ వెళ్ళడానికి రేకుతో చేసిన నలుచదరపు గొట్టాలుంటాయి. అవే డక్టులు. చల్లగాలిని తీసుకెళ్ళేది ఒకటి, వేడెక్కిన గాలిని వెనక్కి తెచ్చేది ఇంకొకటి. ఎక్కువగా రెండూ పక్కపక్కనే, వరండా పొడుగునా వెళతాయి. కింద ఫాల్స్ సీలింగ్ వేసేశాక వాటి మొహం చూసేవాళ్ళుండరు. చల్లగా ఉందని ఏసీని మెచ్చుకునేవాళ్ళు బోలెడుమంది, డక్టును మెచ్చుకున్న మనిషి ఇంకా పుట్టలేదు. ఆ డక్టులు ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి ఎక్కడ ఆగాలో కంప్యూటర్లో గీసేది డక్టక్క. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

పక్క బల్ల పైపుల పెద్దాయనది. ఆయన పని హాయి. ఒక పైపు గీసి, ఇలాంటివి ఇంకా ఎన్ని కావాలో, ఎంతెంత ఎడంగా ఉండాలో చెప్పి ఒక బొత్తాం నొక్కితే చాలు, మిగతా పైపులన్నీ బుద్ధిగా వచ్చి పక్కన పడుకుంటాయి. డక్టులకి ఆ భాగ్యం లేదు. ఒకటి గీశాక రెండోది పక్కన చేత్తోనే పెట్టుకోవాలి. మలుపు వస్తే లోపలిది త్వరగా తిరుగుతుంది, బయటిది ఆలస్యంగా తిరుగుతుంది, రెండింటి భుజాలూ ఒకదానికొకటి రాసుకుంటాయి. మళ్ళీ విడదీసి మళ్ళీ గీయాలి. "నా బొత్తాం కాస్త అప్పివ్వనా డక్టక్కా?" అని పెద్దాయన రోజుకోసారి ఏడిపిస్తాడు. "మీ దగ్గరే ఉంచుకోండి, ముసలితనంలో పనికొస్తుంది," అంటుంది ఆమె.

డక్టంటే ఏమిటో ఆమెకు నేర్పింది కాలేజీ కాదు, తమ్ముడు. చదువు ఒంటబట్టక వాడు పదిహేడో ఏటే రేకుల షెడ్డులో చేరాడు. అక్క డ్రాఫ్టింగ్ నేర్చుకుంటుంటే సాయంత్రాలు పక్కన కూర్చుని, ఆమె గీసిన బొమ్మ చూసి పడీపడీ నవ్వేవాడు. "బాగానే ఉంది కానీ అక్కా, ఈ బోల్టు ఎవడు బిగిస్తాడు? వాడి చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడు?" అనేవాడు. అట్టపెట్టెలు కత్తిరించి డక్టులు చేసి, మంచం కోళ్ళకి తాడుతో వేలాడదీసి, అక్క చెయ్యి పట్టుకుని మధ్యలో దూర్చి చూపించేవాడు. ఉద్యోగాల్లో పడ్డాక కూడా అదే తీరు. వాడు ఏ భవనంలో నిచ్చెన మీదున్నా అక్కడినుంచే ఫోను. వెనక సుత్తి మోతలు, ఎవరో ఎవర్నో తిట్టడం, మధ్యలో వాడి గొంతు. "అక్కా, నీ గీతలో మనిషి పట్టడే!" ఆమె విసుక్కుంటూనే సరిచేసి పంపేది. ఇంత చెప్పి, ఆ ఫోన్ల కోసం ఆమె ఇప్పటికీ ఎంత తపించిపోతుందో చెప్పకపోతే తప్పవుతుంది. సుత్తి మోత ఎక్కడ వినపడినా ఆమె చేతిలో పని ఆగిపోతుంది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక నాలుగంతస్తుల ఆఫీసు భవనం డక్టులు ఆమె గీసింది, ఎక్కించే పని తమ్ముడు పనిచేసే కంపెనీకి వచ్చింది. అప్పటి ఇంజనీరు రెండు డక్టుల మధ్య నూట యాభై మిల్లీమీటర్లు ఎడం ఉంచమన్నాడు. ఆమె ఉంచింది. ఒక్కో డక్టు వెడల్పు ఆరువందలు, మధ్యగీత నుంచి మధ్యగీతకి ఏడువందల యాభై పెట్టింది, లెక్క సరిపోయింది. అయితే చల్లదనం పోకుండా డక్టుకి చుట్టూ దుప్పటిలా ఇన్సులేషన్ చుడతారు. అది యాభై మందం. దాన్ని కంప్యూటర్లో చూపిస్తే తెర నత్తనడక నడుస్తుంది. అందుకని ఆ పని చేసేవాళ్ళందరూ చేసినట్టే ఆమె కూడా దాన్ని కనపడకుండా ఆపేసి గీసుకుంది. అటు యాభై, ఇటు యాభై పోగా మధ్యలో మిగిలింది యాభై. తెర మీద మాత్రం దర్జాగా నూట యాభై కనిపిస్తూనే ఉంది.

ఆ ఇరుకులో పైన చుట్టడం కుదరదని ఇన్సులేషన్ నేలమీదే చుట్టి డక్టులు ఎక్కించారు. రెండు ముక్కలు కలిసే చోట బోల్టు బిగించడానికి తమ్ముడు కుడిచెయ్యి మధ్యలోకి దూర్చాడు. దూర్చేటప్పుడు దూరింది. స్పానర్ తిప్పబోతే డక్టును పైకప్పుకి వేలాడదీసే రాడ్డు జారి, డక్టు రెండంగుళాలు కిందికి దిగింది. రేకు అంచు కత్తి కంటే పదును. రెండు వేళ్ళ నరాలు తెగిపోయాయి.

ఇప్పుడు డక్టక్క చేసిన తప్పు చెప్పాలి. ఎడం తక్కువ గీయడం కాదు, దాన్ని ఎవరైనా క్షమిస్తారు. కబురు తెలియగానే ఆమె మొదట చేసిన పని ఆ డ్రాయింగు షీటు ప్రింటు తీసుకోవడం. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. మంచం మీద తమ్ముడు, చేతికి మోచేతిదాకా కట్టు. ఆమె పక్కన కూర్చుని కాగితం విప్పింది. "చూడరా, నూట యాభై ఉంది. నేను సరిగ్గానే వేశాను. ఇదిగో చూడు, రాసే ఉంది," అంది. నర్సు ఆగి చూసింది. మరదలు గోడవైపు తిరిగింది. తమ్ముడు ఆ కాగితాన్ని చూడనేలేదు, అక్క మొహంలోకే చూశాడు.

"ఆ కాగితం తీసుకుని వెళ్ళిపో," అన్నాడు. అక్కా అని కూడా అనలేదు.

నూట యాభై గురించి ఇన్ని మాటలు మాట్లాడిన మనిషి, చెయ్యి ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆ సంగతి ఆమెకు తట్టింది, అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చింది. మర్నాటినుంచి వాడు ఫోను ఎత్తలేదు. ఇంటికి వెళితే పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ మరదలితో మాట్లాడి తిరిగొచ్చింది. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అడుగుదామంటే ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? "నువ్వే వెళ్ళి నాలుగు తిట్లు తిని రావే, కడుపు నిండుతుంది," అంటాడు ఆమె భర్త. ఆయనకేం, ఆయన తమ్ముడు రోజూ ఇంటికొచ్చి ఈయన చెప్పులే వేసుకుపోతాడు.

మరదలు మంచి మనిషి. ఎప్పుడైనా ఫోను చేసి గుట్టుగా కబుర్లు చెబుతుంది. వాడికి పాప పుట్టిందని, ఆ చేత్తో నిచ్చెన ఎక్కే పని మానేశాడని, సైటులో డ్రాయింగులు చూసి పని చేయించే సూపర్వైజర్ అయ్యాడని అలాగే తెలిసింది. వేళ్ళ సంగతి అడిగితే మాత్రం, "అది మీరు ఆయన్నే అడగండి వదినా," అని మాట మార్చేస్తుంది.

ఈ ఏడాది ఒక లైబ్రరీ భవనం పని వచ్చింది. రెండో అంతస్తు వరండా మీద డక్టుల జంట, ఎనిమిది షీట్లు. రేకు పని ఏ కంపెనీకి వెళ్ళిందో పైపుల పెద్దాయన కబురు మోసుకొచ్చాడు. అది తమ్ముడి కంపెనీయే. డక్టక్క తాగుతున్న టీ బల్లమీద పెట్టేసింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె గీసిన కాగితం వాడి చేతుల్లోకి వెళ్ళబోతోంది. షీటు మూలన గీసినవాళ్ళ పేరు ఉండదు, రెండు పొడి అక్షరాలే ఉంటాయి. ఆ రెండక్షరాలు వాడు గుర్తుపట్టడా? పట్టి, ఒక్క మాటైనా అంటాడా? తిట్టినా సరే. ఆమెకు కావలసింది అదొక్కటే, దానికోసమే ఆ ఎనిమిది షీట్లూ గీసింది.

ఇన్సులేషన్ చూపిస్తూ గీసింది. కంప్యూటర్ మూలిగింది, మూలగనిచ్చింది. చుట్టాక కూడా రెండింటి మధ్య రెండు వందల యాభై మిగలాలని పట్టుబట్టింది. పెద్ద ఇంజనీరు తెర చూసి తల పట్టుకున్నాడు. "ఇంత ఎడం ఎందుకమ్మా? మధ్యలో మంచం వేస్తావా?"

"మనిషి చెయ్యి పట్టాలండి. స్పానర్‌తో సహా తిరగాలి."

"చోటేదీ? అటు పైపులున్నాయి, ఇటు కేబుళ్ళున్నాయి."

ఆమె కుర్చీ పైపుల పెద్దాయన వైపు తిప్పి ఆయన్నే చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఆ చూపు ఆపమ్మా, జరుపుతాను," అన్నాడు. ఆయనకు బొత్తాం ఉంది కాబట్టి అరపూటలో జరిపేశాడు. ఆమెకు లేదు కాబట్టి పదకొండు రోజులు పట్టింది. ప్రతి మలుపులోనూ భుజాలు విడదీసి మళ్ళీ గీసింది. ఎనిమిదోది తప్ప ఏడు షీట్లు పూర్తిచేసి సైటుకి పంపింది.

మర్నాడు పదకొండుంబావుకి ఆమె బల్లమీద ఫోను మోగింది.

"లైబ్రరీ సైటు నుంచి. డ్రాయింగ్ వేసినవాళ్ళతో మాట్లాడాలి."

వెనక సుత్తి మోతలు. గొంతు కాస్త బరువెక్కింది గానీ వాడిదే. "నేనేనండి," అంది. ఎత్తుకుని తిప్పిన తమ్ముణ్ణి పట్టుకుని అండీ అన్నందుకు ఆమెకే సిగ్గేసింది.

"మొదటి షీటు. మూడో స్తంభం దగ్గర డక్టు అడుగు ఎంత ఎత్తులో ఉండాలండి?"

"రెండు వేల ఎనిమిది వందల యాభై."

"సరే." వాడు ఫోను పెట్టలేదు. కాసేపు సుత్తి మోతలే వినిపించాయి. "రెండింటి మధ్య ఎంతండి?"

"రెండు వందల యాభై."

"ఇన్సులేషన్ పోతే?"

"పోయాకేనండి. చుట్టేశాక మిగిలేదే అది."

"సరే అండి," అని పెట్టేశాడు. ఆమె షీటు తీసి చూసింది. వాడు అడిగిన రెండు కొలతలూ అందులో బొద్దు అంకెల్లో ఉన్నాయి. గుడ్డివాడికైనా కనపడేంత పెద్దగా ఉన్నాయి. అప్పుడు ఆమెకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి, పైపుల పెద్దాయన చూడనట్టు నటించాడు.

ఆ తర్వాత రోజూ పదకొండుంబావుకి ఫోను. రోజుకో షీటు, ప్రతి షీటులోనూ రెండు మూడు సందేహాలు, అన్నీ షీటులో రాసున్నవే. స్తంభం నుంచి ఎంతండి, రాడ్డుకీ రాడ్డుకీ మధ్య ఎంతండి. ఆమె చెబుతుంది, వాడు సరే అంటాడు, ఇద్దరూ ఫోను పెట్టకుండా నిలబడతారు. అడగాల్సిన మాట ఆమె నాలుక చివరిదాకా వస్తుంది, అండీ అన్న మాట అడ్డం పడి లోపలికి పోతుంది. అంతమంది పనివాళ్ళ ముందు వాడేమంటాడో అని భయం. అసలు పనికోసమే చేస్తున్నాడేమో, తనే లేనిపోనిది ఊహించుకుంటోందేమో అని ఇంకో భయం. ఆ పదకొండుంబావు కోసం పొద్దున లేచిందగ్గర్నుంచీ ఎదురుచూస్తుంది. ఆదివారాలంటే అసహ్యం పుట్టింది.

ఏడు రోజులు గడిచాయి. ఎనిమిదో షీటు ఆఖరిది. అది అయిపోతే సందేహాలుండవు, ఫోనూ ఉండదు. ఆ షీటు గీస్తున్నప్పుడే డక్టక్కకి ఒక పాడుబుద్ధి పుట్టింది. ఆఖరి మలుపు దగ్గర, గోడ నుంచి డక్టుకి ఎంత దూరమో ఆ కొలత వేయకుండా వదిలేసింది. ఇరవై రెండేళ్ళలో ఒక్క కొలత మరిచిపోని మనిషి, కావాలనే ఒకటి తీసేసింది. రాసున్నవి అడగడానికి మొహమాటపడినా, లేనిదానికోసమైతే తప్పకుండా చేస్తాడుగా అనుకుంది.

పైపుల పెద్దాయన తొంగి చూసి, "ఇక్కడొకటి ఎగిరిపోయినట్టుంది డక్టక్కా," అన్నాడు.

"ఎగరనీండి," అంది.

పెద్ద ఇంజనీరు ఎప్పటిలాగే, "డక్టక్క షీటా? అయితే చూడక్కర్లేదు," అని సంతకం పెట్టేశాడు. షీటు సాయంత్రానికి సైటుకి వెళ్ళిపోయింది.

మర్నాడు పదకొండుంబావైంది, ఫోను మోగలేదు. పదకొండున్నరకి రిసీవర్ ఎత్తి, లైను ఉందో లేదో విని పెట్టింది. పన్నెండైంది. భోజనం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. వాడికి అడగాలనిపించలేదన్నమాట, తొమ్మిదేళ్ళ కోపం ఏడు ఫోన్లతో పోతుందా అనుకుని ఉసూరుమంది.

ఒంటిగంటకి ఇంకో ఆలోచన వచ్చింది. వాడు సైటులో లేకపోతే? కొలత లేదని ఎవరో పనివాడు కంటి అంచనాతో గోడకి దగ్గరగా డక్టు ఎక్కించేస్తే? గోడకీ రేకుకీ మధ్య ఎవరో ఒకడు చెయ్యి దూరుస్తాడు. దూర్చేటప్పుడు దూరుతుంది. తమ్ముడి గొంతు వినాలన్న యావలో తను ఏం చేసి కూర్చుందో అప్పుడు అర్థమైంది. మొదటిసారి తెలియక చేసింది. ఈసారి తెలిసి చేసింది.

మొహమాటం, సిగ్గు, భయం అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి ఆమె తమ్ముడి నంబరు నొక్కింది. తొమ్మిదేళ్ళుగా నొక్కని నంబరు, వేళ్ళకి ఇంకా గుర్తుంది. ఒక్క మోతకే ఎత్తాడు.

"ఒరేయ్, పని ఆపు! ఆఖరి మలుపు దగ్గర ఎవర్నీ ఎక్కనీయకు. షీటులో గోడ కొలత లేదు. నేనే తీసేశాను, కావాలనే తీసేశాను. ఎవరూ చెయ్యి పెట్టొద్దని చెప్పు," అంది ఒక్క ఊపిరిలో.

అవతల సుత్తి మోతలు లేవు.

"పొద్దున్నే చూశాను," అన్నాడు వాడు. "అప్పుడే అందర్నీ దింపేశాను. ఇక్కడే కూర్చుని పేకాడుకుంటున్నారు."

"మరి ఫోను చేయలేదేం?"

"రోజూ నేనేగా చేస్తున్నాను. నువ్వు చేస్తావా లేదా అని చూశాను."

డక్టక్క బల్ల అంచు పట్టుకుంది. ఆఫీసంతా తనవైపే చూస్తోందని తెలుసు, చూడనీ అనుకుంది. "చెయ్యి ఎలా ఉందిరా?" అంది.

వాడు పనివాళ్ళకి దూరంగా నడిచి వెళుతున్నట్టు అడుగుల చప్పుడు వినిపించింది. ఒక తలుపు మూసుకుంది.

"చివరి రెండు వేళ్ళూ వంగవు," అన్నాడు. "చలి పెడితే లాగుతాయి. రాత ఎడంచేత్తో నేర్చుకున్నాను, కోడి గెలికినట్టుంటుంది. చొక్కా గుండీలు పెట్టుకుంటాను. పాపకి జడ వేయడమే రాదు. వేస్తే బడికి వెళ్ళేలోపల ఊడిపోతుంది, అది నన్ను చూసి నవ్వుతుంది. నొప్పి పెద్దగా లేదు. మొదట్లో ఉండేది. చాలా ఉండేది అక్కా."

ఆమె ఏడుస్తూ వింది. నా తప్పేనని చెప్పాలనుకుంది, చెప్పింది కూడా, కానీ ఏడుపులో ఆ మాటలు వాడికి తెలిశాయో లేదో. వాడు ఊఁ అన్నాడు. ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినిపించింది.

"గోడ నుంచి ఎంత వేయాలి?" అన్నాడు కాసేపటికి. "వీళ్ళు పేకాటకి అలవాటు పడితే ఇక నిచ్చెన ఎక్కరు."

ఆమెకు ఆ అంకె గుర్తురాలేదు. ఆ భవనంలో ప్రతి రాడ్డు చోటూ నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి ఆ ఒక్కటీ తలలోంచి పోయింది. కంప్యూటర్ వైపు తిరిగితే తెర అంతా అలుక్కుపోయి కనిపించింది.

"చూసి చెప్పనా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నింపాదిగా చూసి చెప్పు," అన్నాడు తమ్ముడు. "ఫోను మాత్రం పెట్టకు."